టీమ్‌తో కలిసి పనిచేస్తూ సొంత ఆలోచన నిలబెట్టుకోవడం ఎలా? లేసు పనిలో 29 ఏళ్ల అనుభవంతో నా సమాధానం

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. కాకినాడలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థలో రెండేళ్లుగా డిజైనర్‌గా చేస్తున్నారు. ఆరుగురి టీమ్. మీరు తెచ్చిన ప్రతి ఆలోచనా మీటింగులో పడి, తలో చెయ్యీ వేశాక, చివరికి మీది కాకుండా పోతోంది. ఒంటరిగా చేసినవే బాగా వచ్చాయని మీకు అనిపిస్తోంది. పట్టుబడితే టీమ్ లీడ్ గారు "ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఇంకో దారి" అన్నారట. ఊరుకుంటే లోపల కుమిలిపోతున్నారు. టీమ్‌ని వదులుకోవాలా, సొంత ఆలోచనని వదులుకోవాలా అని అడిగారు.

ముందు సూటిగా చెప్తాను. రెండూ వదులుకోవద్దు. మీ పనిని రెండుగా విడదీయండి: పక్కవాళ్ల పనికి తగిలే భాగం, తగలని భాగం. తగిలేచోట టీమ్ కొలతే కొలత. అక్కడ మీ అభిరుచి పెట్టకండి. తగలనిచోట నిర్ణయం మీదిగా ఉండాలి, దాన్ని అడిగి తీసుకోండి. ఈ గీత పని మొదలవక ముందే గీయాలి. సగం పనయ్యాక గీయబోతే అది గొడవలాగే కనిపిస్తుంది. రెండో సంగతి, ఆలోచన ఒంటరిగా చెయ్యండి, కాగితం మీద పెట్టండి, ఆ తర్వాతే నలుగురి ముందుకు తీసుకెళ్లండి. మీరు రాసినదాన్నిబట్టి మీ టీమ్‌లో ఆలోచన మొదలయ్యేదే మీటింగులో. మీ బాధలో సగం అక్కడే పుడుతోంది.

నేను ఎక్కడి నుంచి మాట్లాడుతున్నానో చెప్పాలి. మాది నరసాపురం దగ్గర పల్లె. అమ్మ లేసు అల్లేది, అమ్మమ్మ అల్లేది. ఇంటర్ అయ్యాక ఒక ఎగుమతి సంస్థలో శాంపిల్ పనికి చేరాను. తర్వాత డిజైన్లూ నాణ్యతా చూసే బాధ్యత ఇచ్చారు. మొత్తం 29 ఏళ్లు. ఇప్పుడు రోజూ వెళ్లడం లేదు, కొత్తగా చేరిన పిల్లలకి డిజైన్ నేర్పుతున్నాను. మీది తెర మీద పని, మాది దారంతో పని. అయినా మీ ప్రశ్న చదువుతుంటే మా శాంపిల్ గదిలో మాటలే వినిపించాయి.

మా పని ఎలా సాగుతుందో కొంచెం చెప్తాను, నేను చెప్పబోయేదానికి అదే ఆధారం. 2024లో నరసాపురం క్రోషే లేసుకి జీఐ గుర్తింపు, అంటే ఫలానా ప్రాంతపు ప్రత్యేక వస్తువని ఇచ్చే గుర్తింపు, వచ్చినప్పుడు చాలామంది ఒక్కొక్కటీ ఒక్కో కళాకారిణి సృష్టి అన్నట్టు రాశారు. చిన్న ముక్కల విషయంలో అది నిజం. కానీ పెద్ద టేబుల్ కవర్ ఎప్పుడూ ఒక్కరిది కాదు. పువ్వులు ఒక ఊళ్లో అల్లుతారు. పువ్వుకీ పువ్వుకీ మధ్య వచ్చే చిన్న ముక్కలు ఇంకో ఊళ్లో. అతుకు పని మూడో ఊళ్లో. ఆ తర్వాత ఉతికి, గంజి పెట్టి, లాగి ఆరేసి, ఇస్త్రీ చేసేవాళ్లు వేరే. వీళ్లలో చాలామంది ఒకరినొకరు చూసి కూడా ఉండరు. ఏజెంటు దారం ఉండలు ఇచ్చి వెళ్తాడు, అల్లినవి లెక్కపెట్టి తీసుకెళ్తాడు.

ఇందులో ఉన్న చిక్కు ఏమిటంటే, ఒకే సూది, ఒకే నంబరు దారం, ఒకే నమూనా ఇచ్చినా ఇద్దరి చేతుల్లో ఒకే సైజు పువ్వు రాదు. ఒకరి చెయ్యి బిగువు, ఒకరి చెయ్యి వదులు. బిగువు చేతి పువ్వు చిన్నగా వస్తుంది, వదులు చేతి పువ్వు పెద్దగా వస్తుంది. రెండింటినీ పక్కపక్కన అతికితే గుడ్డ బల్ల మీద చదునుగా పడుకోదు, ఒకచోట గిన్నెలా లేస్తుంది, ఒకచోట కుచ్చులు పడుతుంది. ఏ పువ్వుకా పువ్వు చూస్తే తప్పు కనిపించదు. తప్పు అతుకు దగ్గర తేలుతుంది.

నేను చేరిన రెండో ఏడు ఈ అతుకు దగ్గరే దెబ్బ తిన్నాను. ఆర్డరు నమూనాలో ఎనిమిది రెక్కల పువ్వు ఉంది. నాకది మొద్దుగా అనిపించింది. పది రెక్కలు పెట్టి అల్లాను, చాలా అందంగా వచ్చింది. చూసినవాళ్లందరూ మెచ్చుకున్నారు. ఆ ఉత్సాహంలో ఎవరినీ అడక్కుండా దాన్నే ఏజెంటు చేతికి ఇచ్చి ఊళ్లకి పంపాను. అసలు పువ్వుకి అంచున 16 గొలుసు వంపులు, అంటే నాలుగు వైపులకీ నాలుగేసి. నా పువ్వుకి 20 అయ్యాయి, వైపుకి ఐదు. మధ్య ముక్కలు అల్లే ఊరికి ఈ సంగతి తెలియదు. వాళ్లు పాత లెక్క ప్రకారం నాలుగేసి వంపులకే అల్లారు. రెండు వందల పైచిలుకు పువ్వులు వచ్చేశాక, సఖినేటిపల్లి వైపు అతుకు పని చేసే ఒకావిడ సంచీ పట్టుకుని పంటు మీద గోదావరి దాటి నేరుగా మా దగ్గరికి వచ్చింది. "నీ పువ్వు బాగుందమ్మా, కానీ దీని పక్కన ఇంకో పువ్వు కూర్చోడానికి చోటు లేదు" అంది. కోపంగా కూడా అనలేదు.

పువ్వులన్నీ విప్పించారు. విప్పిన పనికి కూలి ఎవరివ్వాలన్న ప్రశ్న వచ్చింది. సగం సంస్థ పెట్టుకుంది, సగం అల్లిన ఆడవాళ్ల మీదే పడింది. నా ముచ్చటకి వాళ్లు డబ్బు కట్టారు. ఇన్నేళ్లయినా అది తలుచుకుంటే నాకు మనసు బాగోదు. సొంత ఆలోచన ఎంత మంచిదైనా, దాని ఖర్చు ఎవరి మీద పడుతుందో చూడకుండా ముందుకు తొయ్యకూడదని అక్కడ నేర్చుకున్నాను.

అయితే దానివల్ల నేను "ఇక నమూనా ముట్టుకోను" అనుకుని ఉంటే అది ఇంకా పెద్ద తప్పు అయ్యేది. కొన్నాళ్లు అలాగే చేశాను. పని శుభ్రంగా సాగింది, కానీ శాంపిల్ గదిలో ఏడాదిపాటు కొత్తది ఒక్కటీ పుట్టలేదు. తర్వాత ఒక పద్ధతి పెట్టుకున్నాం. ప్రతి నమూనాకీ ఒక చీటీ కట్టేవాళ్లం. దాని మీద మూడే మూడు సంగతులు: అంచున ఎన్ని వంపులు, పువ్వు వెడల్పు ఎంత, దారం నంబరు ఎంత. ఈ మూడూ ముట్టుకోవడానికి వీల్లేదు. లోపల ఏం చేసుకుంటారో మీ ఇష్టం. ఒకామె మధ్యలో బుడిపెలు పెట్టింది, ఒకామె రెక్కని రెండు వరసలు చేసింది, ఇంకొకామె నడుమ ఖాళీ వదిలి సాలెగూడులా దారాలు లాగింది. అన్నీ ఒకదాని పక్కన ఒకటి అతుక్కున్నాయి. మా సంస్థలో ఎక్కువ కాలం అమ్ముడుపోయిన డిజైన్లలో చాలావరకు ఆ చీటీ పెట్టాక వచ్చినవే.

ఇక్కడ ఒకటి గమనించండి. చీటీలో పది సంగతులు ఉండి ఉంటే ఎవరూ ఏమీ చేసేవారు కాదు. అసలు చీటీయే లేకపోతే నా పది రెక్కల పువ్వు కథే మళ్లీ జరిగేది. ముట్టుకోకూడనివి తక్కువగా ఉండాలి, స్పష్టంగా ఉండాలి, ముందే చెప్పాలి.

మన డెల్టాలో ఇది అందరం చూస్తున్నదే. సార్వా, అంటే వానాకాలపు పంట, చేలో ఏ రకం వరి వెయ్యాలో రైతు ఇష్టం. ఎరువు ఎప్పుడు వెయ్యాలో ఆయన ఇష్టం. కానీ దాళ్వాలో, అంటే రెండో పంటకి, కాలవ నీళ్లు వంతులవారీగా ఇచ్చేటప్పుడు వంతు తన ఇష్టం కాదు. చేల నడుమ ఒకాయన చేపల చెరువు తవ్వితే ఏమవుతుందో భీమవరం చుట్టుపక్కల ఎవరినైనా అడగండి. ఆయన భూమి, ఆయన పెట్టుబడి, ఆయన ఆలోచన. కానీ ఊట పక్క చేలోకి వస్తుంది. గట్టు దాటి పక్కకి వెళ్లే ఏ పనికైనా పక్కవాళ్ల మాట కావాలి. గట్టు లోపల ఉన్నదానికి అక్కర్లేదు. మీ ఆఫీసులో గట్టు ఎక్కడుందో ఎవరూ గీయలేదు. అందుకే మీ లీడ్ గారికి మీరు చేసే ప్రతిదీ చెరువు తవ్వుతున్నట్టే కనిపిస్తోంది, మీకు ఆయన ప్రతి మాటా మీ చేలో దిగుతున్నట్టు అనిపిస్తోంది.

ఇక మీటింగు సంగతి. మీ ప్రశ్నలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించింది ఇదే.

ఒకసారి విదేశీ కొనుగోలుదారు కొత్త డిజైన్ అడిగాడు. అయిదుగురం బల్ల చుట్టూ కూర్చున్నాం. యజమాని ముందు మాట్లాడారు, "అంచు వెడల్పుగా ఉంటే బాగుంటుంది" అన్నారు. అంతే, తర్వాత మాట్లాడిన నలుగురమూ వెడల్పు అంచు గురించే మాట్లాడాం. నా మనసులో సన్నటి అంచు ఉంది, ఆ మాట నేను కూడా బయటపెట్టలేదు. తలా ఒకటి కలిపాం, ఎవరి మాటా తీసెయ్యలేదు, ఎవరూ నొచ్చుకోకూడదు కదా. చివరికి వచ్చిన గుడ్డ బరువెక్కిపోయింది. దారం ఎక్కువ పట్టింది, రోజులు ఎక్కువ పట్టాయి, ధర పెరిగింది. కొనుగోలుదారు వద్దన్నాడు. ఆ శాంపిల్ చాలాకాలం బీరువాలో ఉంది. ఎప్పుడు చూసినా అది ఎవరి ఆలోచనో చెప్పలేకపోయేదాన్ని. పదిమంది చేతిలో పాము చావదని మనవాళ్లు ఊరికే అనలేదు.

ఆ తర్వాత మార్చాం. కొత్త డిజైన్ కావలసినప్పుడు ముగ్గురికి చెప్పేవాళ్లం. రెండు రోజులు, ఎవరి ఇంట్లో వాళ్లు, ఒకరిది ఒకరు చూసుకోకుండా చెయ్యాలి. మూడో రోజు పేరు లేకుండా బల్ల మీద పెట్టాలి. అప్పుడు అందరం కూర్చుని మాట్లాడుకోవాలి. ఎంచుకునేది ఒకటే. మూడింటి నుంచి తలా ముక్కా తీసి కలపడం లేదు. ఎంచుకున్నాక దాన్ని బాగుచేసే సలహాలు ఎవరైనా ఇవ్వొచ్చు, కానీ ఏది తీసుకోవాలో ఆ డిజైన్ చేసినామె నిర్ణయం.

చాలా ఏళ్ల తర్వాత, పిల్లలకి పాఠాలు చెప్పడానికి చదువుతుంటే తెలిసింది, దీని మీద పరిశోధనలే జరిగాయని. 1958లో అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయంలో నలుగురేసి కలిసి కూర్చుని ఆలోచించిన గుంపుల్నీ, విడివిడిగా ఆలోచించిన నలుగురేసి మనుషుల్నీ పోల్చి చూశారు. విడివిడిగా చేసినవాళ్ల ఆలోచనలు కలిపితే, గుంపు తెచ్చిన వాటికంటే ఎక్కువ వచ్చాయి. 1987లో ఇంకో ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు దీనికి కారణం వెతికారు. వాళ్లకి దొరికిన ముఖ్య కారణం చాలా మామూలుది: ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు ఆగాలి. ఆగేలోపల తమ ఆలోచన మరిచిపోతారు, లేదా ఇప్పుడు చెప్పడం ఎందుకులే అని వదిలేస్తారు. మీరు మీటింగులో అనుభవిస్తున్నది ఇదే. దాన్ని మీ చేతకానితనంగా లెక్కవేసుకోకండి.

నేను ఆ రోజు సన్నటి అంచు సంగతి చెప్పకపోవడానికీ ఒక పరిశోధన ఉంది. 1950లలో సాలమన్ ఆష్ అనే ఆయన ఒక పరీక్ష పెట్టాడు. ఏ గీత పొడవు ఏ గీతకి సమానమో చెప్పాలి, చిన్నపిల్లలు కూడా చెప్పగలిగేంత తేలిక. కానీ గదిలో ఉన్న మిగతావాళ్లందరూ ముందే మాట్లాడుకుని తప్పు సమాధానం చెప్తారు. పరీక్షలో ఉన్న మనుషుల్లో దాదాపు ముప్పాతిక మంది ఒక్కసారైనా ఆ తప్పుకే తలూపారు. ఇందులో మీకు పనికొచ్చే భాగం ఇంకొకటి ఉంది: గదిలో ఒక్క మనిషి నిజం చెప్పినా, ఇలా తలూపడం బాగా తగ్గిపోయింది. అందుకని మీటింగుకి వెళ్లేముందే ఒక్కరికి మీ ఆలోచన చూపించండి. ఆరుగురిలో ఒక్కరు చాలు. మీ మాటే పలకమని అడగొద్దు, చూసి నిజం చెప్పమనండి. వాళ్లకి నచ్చకపోతే ఎందుకో మీకు ముందే తెలుస్తుంది, నచ్చితే గదిలో మీరు ఒంటరి కారు.

మన దగ్గర దీనికి ఇంకో బరువు కూడా తోడవుతుంది. పెద్దాయన మాట్లాడాక చిన్నవాళ్లు కాదనడం మనకి మర్యాద అనిపించదు. నేను ఆ మర్యాదని తప్పుపట్టను, అందులోనే పెరిగాను. దానికి నాకు దొరికిన దారి ఒకటే: వరస తిరగెయ్యడం. అందరికంటే కొత్తగా చేరినవాళ్లు ముందు మాట్లాడాలి, యజమాని ఆఖరున. మా యజమాని మొదట ఒప్పుకోలేదు. నాలుగైదు సార్లు జరిగాక, ముందు మాట్లాడడం తగ్గించాక తనకే ఎక్కువ సంగతులు తెలుస్తున్నాయని ఆయనే అన్నారు. మీ లీడ్ గారితో ఈ మాట మీరు నేరుగా అనలేకపోవచ్చు. "సార్, ఈసారి జూనియర్ల నుంచి మొదలుపెడదామా, మీరు చెప్పాక మాకు ఇంకేం తోచదు" అని గౌరవంగా అనొచ్చు. అందులో అబద్ధం కూడా లేదు.

ఇప్పటిదాకా చెప్పింది చదివి సొంత ఆలోచన ఎప్పుడూ గెలవాలని అంటున్నాననుకోకండి. నాకు ఇప్పటికీ పూర్తిగా తేలని ఒక సంగతి చెప్తాను.

ఒకావిడ, మాటలు తక్కువ, ఎవరితోనూ ఎక్కువ కలవదు. పువ్వులు అన్నీ విడివిడిగా అల్లి పంపే బదులు, ఒక్కో పువ్వు ఆఖరి వరస అల్లేటప్పుడే దాన్ని పక్క పువ్వుకి కలుపుకుంటూ పోవడం మొదలుపెట్టింది. ఎవరూ చెప్పలేదు, తనే కనిపెట్టుకుంది. అతుకు కనిపించనంత శుభ్రంగా వచ్చింది, పని తొందరగా అయింది. మాకు ఎలా తెలిసిందంటే, అతుకు పని చేసే ఆమె వచ్చి "ఈ వారం నాకు పని లేదా?" అని అడిగింది. అప్పుడు చూశాం. అద్భుతమైన ఆలోచన. కానీ దానివల్ల ఇంకొకరి కూలి పోతోంది.

అది వద్దనాలా? వద్దంటే ఆమె ఇంకెప్పుడూ ఏదీ కనిపెట్టదు. అందరికీ నేర్పాలా? నేర్పితే అతుకు పని మీద బతికేవాళ్లు ఏమవుతారు? ఇంకో చిక్కు కూడా ఉంది. పువ్వులు విడివిడిగా ఉంటే సైజు సరిగా లేనిదాన్ని ముందే ఏరెయ్యొచ్చు, కలిపి అల్లేస్తే ఒక పువ్వు పాడైనా మొత్తం విప్పాలి. చివరికి చిన్న ముక్కలు, పళ్లెం కిందవీ గ్లాసు కిందవీ, కలిపి అల్లే పద్ధతిలో చేయించాం. పెద్ద కవర్లకి పాత పద్ధతే ఉంచాం. అతుకు పనివాళ్లలో ఇద్దరిని సైజులు చూసి ఏరే పనికి తీసుకున్నాం, వాళ్ల కంటికి తప్పు తెలిసినంతగా మాకెవరికీ తెలియదు. కనిపెట్టినామెకి ఆ ముక్కల మీద రేటు పెంచమని అడిగాను. పెంచడానికి దాదాపు ఏడాది పట్టింది, నేను అనుకున్నంత పెంచలేదు. ఆ ఏడాదంతా ఆమె తన పద్ధతిని ఇంకొకరికి నేర్పడానికి ఇష్టపడలేదు. అందులో ఆమె తప్పు ఉందని నేను అనుకోను.

మీ టీమ్‌లో కూడా ఎవరైనా తమకి తెలిసింది పంచుకోకుండా దాచుకుంటుంటే వాళ్లని స్వార్థపరులు అనేముందు, పంచుకున్నవాళ్లకి ఇంతవరకు ఏం దక్కిందో చూడండి. పేరు దక్కనిచోట మంచి ఆలోచన బయటికి రాదు. మా శాంపిల్ పుస్తకంలో మొదట్లో డిజైన్ నంబర్లే ఉండేవి. తర్వాత ప్రతి నంబరు పక్కన అల్లినామె పేరు, ఊరు రాయడం మొదలుపెట్టాం. ఖర్చు లేని పని. ఏజెంటు వెళ్లి "మీ డిజైన్‌కి మళ్లీ ఆర్డరు వచ్చింది" అని చెప్తే వాళ్ల ముఖాలు వెలిగిపోయేవి. మీ ఫైళ్లలో కూడా ఎవరు ఏ భాగం చేశారో ఒక లైను రాసే అలవాటు మీరే మొదలుపెట్టండి. మీ పేరు కంటే ముందు పక్కవాళ్ల పేరు రాయండి.

ఇక మీ పనికి వస్తాను. నాకు సాఫ్ట్‌వేర్ లోపలి సంగతులు తెలియవు. కానీ డిజైన్ నేర్చుకోవడానికి వచ్చే పిల్లల్లో యాప్‌లు చేసేవాళ్లూ ఉన్నారు, వాళ్లు చెప్పగా తెలిసింది చెప్తాను. మీకు అంచు వంపులు అంటే అన్ని పేజీల్లోనూ ఒకేలా ఉండాల్సినవి: బటన్లు, రంగులు, అక్షరాల సైజు, తప్పు జరిగితే మెసేజ్ కనిపించే చోటు, కోడ్ రాసేవాళ్లకి మీరు ఇచ్చే కొలతలు. వీటి దగ్గర మీ సొంతం వద్దు. మీకు బటన్ నచ్చకపోయినా సరే, మీ ఒక్క పేజీలో మార్చకండి. మార్చాలంటే అన్ని పేజీలకీ కలిపి మార్చమని విడిగా అడగండి. వాడేవాళ్లు ఒక పేజీలో ఏ పని ఏ వరసలో చేసుకోవాలి, ఏది ముందు కనిపించాలి, ఏది దాచాలి, ఇది పువ్వు లోపలి పని. ఇక్కడ మీకు స్వేచ్ఛ కావాలి.

లీడ్ గారితో "నాకు స్వేచ్ఛ ఇవ్వండి" అనొద్దు. ఆ మాట ఎవరికైనా భయం పుట్టిస్తుంది, ఎంత ఇస్తున్నామో తెలియదు కాబట్టి. ఇలా అనండి: "సార్, ఈ పేజీలో మార్చకూడనివి ఏంటో ముందే రాసిద్దామా? మిగతాది రెండు రోజులు నేను ఒక్కదాన్నే చేసి తెస్తాను. మీటింగులో అందరూ చూసి చెప్పండి. ఏది తీసుకున్నానో, ఏది తీసుకోలేదో, ఎందుకో రాసి పంపుతాను." ఇందులో ఆయన కోల్పోయేది రెండు రోజులే. పెద్ద పేజీతో మొదలుపెట్టకండి. చెడిపోయినా ఎవరికీ పెద్ద నష్టం లేని చిన్న పేజీ తీసుకోండి.

ఎందుకో రాసి పంపడం దగ్గర తప్పించుకోకండి. ఎక్కువమంది మంచి డిజైనర్లు అక్కడే వెనకబడతారు. తీసుకోని సలహాకి సమాధానం రాకపోతే ఇచ్చినవాళ్లు అవమానంగా తీసుకుంటారు. సమాధానం వస్తే, ఒప్పుకోకపోయినా, గౌరవించారని అనుకుంటారు. ఇంకో లాభం కూడా ఉంది. నేను మొదట కొట్టిపారేసిన సలహాకి జవాబు రాయబోయి, రాస్తూ రాస్తూ అదే సరైనదని తెలుసుకున్న సందర్భాలు ఉన్నాయి. ప్యాకింగ్ చేసే ఒకామె "ఈ రెక్కలు మడతలో నలిగి విరిగినట్టు అయిపోతున్నాయి, కొన కాస్త గుండ్రంగా పెట్టండి" అంది. డిజైన్ తెలియనివాళ్లు చెప్పేదేమిటనుకున్నాను. ఎందుకు కుదరదో రాద్దామని కూర్చుంటే ఒక్క కారణమూ దొరకలేదు. కొన గుండ్రంగా చేశాం. నా పేరు మీద ఉన్న డిజైన్లలో బాగా ఆడింది అదే, ఆ గుండ్రటి కొన నాది కాదు.

మీ ఆలోచన మీరు సెలవులో ఉన్నా నడిచేలా ఉండాలి. ధవళేశ్వరం ఆనకట్ట అనగానే మనం కాటన్ దొర పేరు చెప్తాం, చెప్పాలి కూడా. కానీ 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆ పని మధ్యలో ఆయన ఆరోగ్యం చెడి దేశం దాటి వెళ్లాడు. కెప్టెన్ ఓర్ అనే ఇంజనీరు పని ఆగకుండా నడిపించాడు. కూలీలని సమకూర్చి నిలబెట్టడంలో వీణం వీరన్న గారు ఉన్నారు. ఇసక మీద పునాది నిలిపే పద్ధతిని కూడా కాటన్ కావేరి మీద చోళుల కాలం నాటి కల్లణై ఆనకట్ట నుంచి నేర్చుకున్నాడు. ఇది చెప్తున్నది ఆయన గొప్పతనం తగ్గించడానికి కాదు. తన ఆలోచనని ఇంకొకరు అందుకుని నడిపించగలిగేలా పెట్టాడు కాబట్టే అది కట్టుబడింది. మీ ఒక్కరికే అర్థమయ్యే ఫైలు, మీరు లేని రోజున ఎవరూ తెరవలేని ఫైలు అయితే, టీమ్ దాన్ని తమదిగా ఎందుకు అనుకుంటుంది?

కొన్ని జాగ్రత్తలు త్వరగా చెప్తాను.

గడువు దగ్గరపడ్డాక కొత్త ఆలోచన తేవద్దు. మా దగ్గర షిప్‌మెంట్ వారంలో ఎంత మంచి మార్పైనా పుస్తకంలో రాసి పక్కన పెట్టేవాళ్లం. శాంపిల్ ఒప్పుకునేదాకా స్వేచ్ఛ, ఒప్పుకున్నాక ఒకే చెయ్యిలా పనిచెయ్యాలి. మీటింగులో ఓడిపోయిన ఆలోచనని పని మధ్యలో దొడ్డిదారిన దూర్చకండి. ఒక్కసారి అలా చేస్తే మీ మాట మీద నమ్మకం పోతుంది, అది తిరిగి రావడానికి చాలాకాలం పడుతుంది.

కొత్త చోట చేరినప్పుడు మొదటి కొన్ని నెలలు నమూనా ప్రకారమే చెయ్యడం మంచిది. అక్కడ ఏ అంచు దేనికి తగులుతుందో తెలియడానికి ఆ కాలం కావాలి. మీకు రెండేళ్లు అయింది కాబట్టి ఆ దశ దాటేశారు.

ఒంటరిగా చేసినవే బాగా వచ్చాయన్నారు. ఒకసారి నిజాయితీగా చూసుకోండి: అవి ఎవరి పనితోనూ అతకాల్సిన అవసరం లేనివేమో? అతుకు లేని ముక్క ఎప్పుడూ అందంగానే కనిపిస్తుంది. అలాంటి పనే మీకు మనస్ఫూర్తిగా ఇష్టమైతే సొంతంగా చేసుకునే దారి కూడా ఉంది, అది తక్కువైనదేమీ కాదు. మా దగ్గర కూడా చిన్న ముక్కలు మాత్రమే, మొదటి నుంచి ఆఖరి దాకా తామే చేసి అమ్ముకునేవాళ్లు ఉన్నారు. పని వాళ్లదే, నష్టమొచ్చినా వాళ్లదే.

ఆఖరుగా, ఇదంతా చేసినా మీ లీడ్ గారు మీరు తెచ్చినదాన్ని తన పేరు మీద పైవాళ్లకి చూపిస్తుంటే, అది టీమ్‌వర్క్ సమస్య కాదు. దానికి మీరు మారి ప్రయోజనం లేదు. అందరూ ఉన్న మెయిల్‌లో తారీఖుతో సహా మీ పని పంపడం అలవాటు చేసుకోండి, ఈలోగా ఇంకో టీమ్ చూసుకోండి. కానీ మీరు రాసినదాన్నిబట్టి ఆయన అలాంటి మనిషిలా అనిపించలేదు. గడువులతో టెన్షన్ పడుతూ, ఆరుగురిని ఒకచోట ఉంచడానికి తంటాలు పడుతున్న మనిషిలా అనిపించారు. ఒక చిన్న పేజీతో రెండు నెలలు ప్రయత్నించి చూడండి. గీత ఎక్కడ గీశారో, ఎక్కడ తగువు వచ్చిందో ఆ వివరాలతో మళ్లీ అడిగితే, అప్పుడు ఆ పేజీ గురించే మాట్లాడుకోవచ్చు.